ముక్కుతో పనిలేని భాష

ముక్కు గట్టిగా మూసుకుని ‘అమ్మ’ అనండి. పడిశం పట్టినవాళ్లు అన్నట్టు ‘అబ్బ’ అని వస్తుంది. మకారానికైనా బకారానికైనా పెదవులు చేసే పని ఒకటే. అంగిలి చివర ఉన్న మెత్తటి కండ కిందికి దిగితే గాలి ముక్కులోకి పోతుంది, ‘మ’ పలుకుతుంది. అది పైకి లేచి దారి మూస్తే ‘బ’. తేడా అంతా ఆ చిన్న తలుపులోనే ఉంది.

పపువా న్యూగినీలో బూగన్‌విల్ దీవి ఉంది. అక్కడి కొండల్లో సుమారు 4,000 మంది మాట్లాడే రొటోకాస్ భాషలో ఒక మాండలికానికి ఆ తలుపుతో దాదాపు పనిలేదు. దీన్ని పపువన్ భాష అంటారు కానీ, అది ఒక కుటుంబం పేరు కాదు. ఆ ప్రాంతంలో ఆస్ట్రొనేషియన్ అనే పెద్ద భాషా కుటుంబానికి చెందని భాషలన్నిటినీ కలిపి అలా పిలుస్తారు. రొటోకాస్‌ది ఉత్తర బూగన్‌విల్ కుటుంబం.

మధ్య రొటోకాస్ మాండలికంలో హల్లులు 6, దీర్ఘాలు పక్కన పెడితే అచ్చులు 5. ఆ భాషను పరిశీలించిన ఇర్విన్, జాక్వెలిన్ ఫిర్చౌ దంపతులు 1969లో ఈ లెక్క ప్రకటించారు. అక్కడ బ, వ, మ మూడూ ఒకే హల్లు. ద, ర, ల, న కూడా అంతే, ఏది పలికినా అర్థం మారదు. అందులోనూ ‘మ’, ‘న’ వినబడటం చాలా అరుదు. పరాయివాళ్లు తమ భాషను ఎలా పలుకుతారో అనుకరించేటప్పుడు మాత్రం ఆ ధ్వనులు వాళ్ల నోట వస్తాయట!

ఇది మనకి మరీ వింతేం కాదు. మామిడి అన్నా మావిడి అన్నా అదే పండు, మామయ్య అన్నా మావయ్య అన్నా అదే మనిషి. రెండు అచ్చుల మధ్య పెదవులు పూర్తిగా కలవకపోతే మకారం వకారంలోకి జారిపోతుంది, మన చెవి పట్టించుకోదు. కానీ మాట మొదట్లో ఆ చనువు లేదు: ‘మాట’ వేరు, ‘బాట’ వేరు. ఆ రెండూ కూడా ఒకటే అనిపించే చెవిని ఊహించుకోండి. మధ్య రొటోకాస్ వాళ్ల చెవి అలాంటిది.

ధ్వనులు తక్కువైతే భాష ఆదిమదశలో ఉన్నట్టేనని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. 56 అక్షరాలు వల్లె వేయించి మన గొప్ప చెప్పే పంతుళ్ల దగ్గరా ఈ మాట విన్నాను. ఇది శుద్ధ తప్పు. ఐటా అనే మరో రొటోకాస్ మాండలికంలో ప, బ, మ మూడూ వేరువేరు హల్లులే. భాషావేత్త స్టువర్ట్ రాబిన్సన్ 2006లో దీన్ని వివరించి, ఈ మాండలికాలకు మూలమైన పాత భాషలోనూ ఈ తేడా ఉండేదని వాదించాడు. ఆ లెక్కన మధ్య రొటోకాస్‌కి మకారం మొదటినుంచీ లేకపోవడం కాదు, ఉన్నదే బకారంలో కలిసిపోయింది.