56-3 నాటి లెక్క: రైఫిల్ సంఘాల్లో కుర్చీలు నింపేది ఎవరు?

షూటింగ్ క్రీడను నడిపే రైఫిల్ సంఘాల కార్యవర్గాల్లో ఎవరు కూర్చోవాలన్న పాత తగవు మళ్లీ రాజుకుంది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పాలన చట్టం దీనికి తక్షణ కారణం. జాతీయ సంఘం కార్యవర్గం 15 మందికి మించకూడదని, అందులో కనీసం నలుగురు మహిళలు ఉండాలని, విశేష ప్రతిభ చూపిన క్రీడాకారులు ఇద్దరికీ, క్రీడాకారుల కమిటీ నుంచి ఎన్నికైన మరో ఇద్దరికీ చోటు ఇవ్వాలని ఆ చట్టం చెబుతోంది. ఉన్నవే 15 కుర్చీలు. వాటిలోనూ కొన్ని ముందే కేటాయించినవి. ఉపాధ్యక్షులు, సంయుక్త కార్యదర్శులు అంటూ పదవులు పంచుకుని సర్దుకుపోయే అలవాటు ఉన్న సంఘాలకు ఇది మింగుడుపడే లెక్క కాదు. ఆ సెగ రాష్ట్రాలకూ తాకింది. ఢిల్లీలో ఎవరు గెలవాలో తేల్చేది రాష్ట్ర సంఘాలే కాబట్టి, తాకకపోతేనే ఆశ్చర్యపోవాలి.

జాతీయ రైఫిల్ సంఘం 1951లో ఏర్పడిందని, లోక్‌సభ తొలి స్పీకర్ మవలాంకర్ దానికి తొలి అధ్యక్షుడని ఈ క్రీడను కొంచెం పట్టించుకునే వారందరికీ తెలుసు. రాజకుటుంబాలు, వేట తుపాకులు, 1982 ఏషియాడ్‌కు ఢిల్లీలో కట్టిన కర్ణీసింగ్ రేంజ్ గురించి కూడా కొత్తగా చెప్పాల్సింది లేదు. నేటి తగవు అర్థం కావాలంటే చూడాల్సిన రోజు ఒకటుంది. అది 2021 సెప్టెంబరు 18.

ఆ శనివారం పంజాబ్‌లో రెండు వార్తలు వచ్చాయి. ముఖ్యమంత్రి అమరీందర్ సింగ్ రాజీనామా చేశారు. అదే రోజు మొహాలీలో ఆయన కుమారుడు రణిందర్ సింగ్ జాతీయ రైఫిల్ సంఘం అధ్యక్షుడిగా నాలుగోసారి ఎన్నికయ్యారు. ప్రత్యర్థి అప్పటి జౌన్‌పుర్ ఎంపీ శ్యామ్ సింగ్ యాదవ్. ఓట్లు 56-3. తండ్రి రాజీనామా హోరులో కొడుకు గెలుపు పత్రికల్లో లోపలి పేజీకి పోయింది. షూటింగ్ వర్గాల్లో మాత్రం ఆ అంకెను ఇప్పటికీ తలుచుకుంటారు.

ఎందుకంటే, దానికి ఆరు వారాల ముందే టోక్యో ఒలింపిక్స్ ముగిశాయి. భారత్ అంతకుముందు ఎన్నడూ లేనంతగా 15 మంది షూటర్లను పంపింది. వ్యక్తిగత పోటీల్లో ఫైనల్ దాకా వెళ్లింది సౌరభ్ చౌదరి ఒక్కరే. పతకం ఒక్కటీ రాలేదు. అంతకుముందు రియోలోనూ ఇదే కథ. అక్కడికి 12 మంది వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చారు. వరుసగా రెండు ఒలింపిక్స్‌లో ఖాళీ చేతులు చూపించిన నాయకత్వానికి 59 ఓట్లలో 56 పడ్డాయి. ఆ 56లో షూటర్లు షూటర్లుగా వేసిన ఓట్లు ఎన్ని అని వెతికితే దొరకవు. ఓటర్లు రాష్ట్ర సంఘాలు, ఇతర అనుబంధ విభాగాలు పంపిన ప్రతినిధులు. రేంజ్‌లో ఏం జరిగిందన్నది వారి జాబితాలో ఎన్నో అంశమో ఆ అంకెను చూసి ఎవరికి వారు ఊహించుకోవచ్చు.

యాదవ్ వర్గం లేవనెత్తిన అభ్యంతరాన్ని అప్పట్లో ఓడినవారి ఏడుపుగా కొట్టిపారేశారు. దానికి తగినంత చోటు ఇవ్వడం ఇప్పుడైనా న్యాయం. మూడుసార్లు అధ్యక్షుడైన వ్యక్తి నాలుగోసారి ఎలా నిలబడతారన్నది ఆ ప్రశ్న. జాతీయ క్రీడా సంఘాలకు కేంద్రం పెట్టిన అప్పటి క్రీడా నియమావళి ప్రకారం అధ్యక్షుడు గరిష్ఠంగా 12 ఏళ్లు ఉండవచ్చు. అంతకుముందు అధ్యక్షుడిగా ఉన్న బిహార్ నేత దిగ్విజయ్ సింగ్ 2010 జూన్‌లో కన్నుమూశాక, ఆ ఏడాది డిసెంబరు 29న రణిందర్ పగ్గాలు చేపట్టారు. 2021 సెప్టెంబరు నాటికి 12 ఏళ్లు నిండలేదు, కాబట్టి పోటీకి అర్హత ఉంది. అక్షరాల ప్రకారం ఈ లెక్క తప్పు కాదు. అయితే ఎన్నిక నాలుగేళ్ల పదవికి. నియమం ప్రకారం ఆ మనిషికి మిగిలింది పదిహేను నెలలు. ఈ తీసివేత చేయడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఓటు వేసిన 56 మందిలో ఎవరికీ ఆ తీసివేత రాలేదనుకోవడం వారిని అవమానించడమే అవుతుంది.

అనుకున్నట్టే జరిగింది. 2022 డిసెంబరు 29తో ఆయన గడువు తీరిందని క్రీడా మంత్రిత్వ శాఖ తేల్చింది. 2023 ఏప్రిల్ నుంచి సీనియర్ ఉపాధ్యక్షుడు, ఒడిశాకు చెందిన మాజీ ఎంపీ కలికేశ్ నారాయణ్ సింగ్ దేవ్ తాత్కాలికంగా బాధ్యతలు చూశారు. 2024 సెప్టెంబరు 21న మళ్లీ ఎన్నిక పెడితే కలికేశ్ 36 ఓట్లతో గెలిచారు, వి.కె. ధల్‌కు 21 వచ్చాయి. మూడేళ్లలో వ్యతిరేక ఓటు మూడు నుంచి ఇరవై ఒకటికి పెరిగింది. పారిస్‌లో మూడు కాంస్యాలు వచ్చిన రెండు నెలలకే ఈ ఎన్నిక. పతకాలు లేనప్పుడు ఏకగ్రీవానికి దగ్గరగా, పతకాలు వచ్చినప్పుడు హోరాహోరీగా! రేంజ్‌లోని ఫలితానికీ, బ్యాలెట్ పెట్టెలోని ఫలితానికీ లంకె ఎంత సన్ననిదో ఈ రెండు ఎన్నికలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

12 ఏళ్ల నియమం ఎక్కడి నుంచి వచ్చిందో క్లుప్తంగా చెప్పుకోవాలి. పదవీకాలానికి హద్దులు పెట్టే ఉత్తర్వు 1975లోనే ఉంది, చాలాకాలం కాగితం దాటలేదు. 2010 మే నెలలో అప్పటి కేంద్ర క్రీడా మంత్రి ఎం.ఎస్. గిల్ హయాంలో దానికి మళ్లీ ప్రాణం పోశారు. 2011లో క్రీడా నియమావళిలో చేర్చారు. 2014లో ఢిల్లీ హైకోర్టు ఆ పరిమితులు చెల్లుతాయని చెప్పింది. ఓటు హక్కుతో 25 శాతం చోటు క్రీడాకారులకు ఇవ్వాలన్న మాట కూడా ఆ నియమావళిలో ఉన్నదే. అమలు చేయమని అడిగినప్పుడల్లా సంఘాలు తమ స్వయంప్రతిపత్తిని గుర్తు చేసేవి.

పాలకవర్గం వైపు మాట కూడా చెప్పాలి. రియో పరాజయం తర్వాత అభినవ్ బింద్రా నేతృత్వంలో సమీక్ష కమిటీ వేసింది ఈ సంఘమే. 36 పేజీల ఆ నివేదిక సంఘాన్నీ, శిక్షకులనూ, కొందరు పేరున్న షూటర్లనూ ఎవరినీ వదలకుండా ఏకిపారేసింది. తనను తిట్టించుకోవడానికి కమిటీ వేసిన క్రీడా సంఘాలు మన దేశంలో ఎక్కువ లేవు. ఢిల్లీలో ప్రపంచ కప్‌లు నిర్వహించింది, టోక్యోకు 15 బెర్తులు సాధించింది కూడా ఆ హయాంలోనే. ఇవన్నీ నిజాలే. నివేదిక తర్వాత కొన్ని పద్ధతులు మారిన మాటా నిజమే. ఓటర్లు మాత్రం మారలేదు.

రాష్ట్ర సంఘాల ప్రతినిధులకు ఆ పట్టు ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే రేంజ్ దాకా వెళ్లాలి. 2002 జాతీయ క్రీడల కోసం హైదరాబాద్ గచ్చిబౌలిలో కట్టిన రేంజ్‌నే తీసుకుందాం. అక్కడ పదేళ్ల పిల్ల గాలి తుపాకీ పట్టుకుని నిలబడుతుంది. పది మీటర్ల దూరంలో లక్ష్యం. రైఫిల్ పోటీ అయితే పదికి పది తెచ్చే చుక్క వ్యాసం అర మిల్లీమీటరు, పెన్ను మొనతో పెట్టిన చుక్కంత. 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ వాడే, 20 జౌళ్ల శక్తి దాటని తుపాకీకి లైసెన్సు అక్కర్లేదు. ఈ దశలో సంఘంతో పని తక్కువే. డబ్బా పెల్లెట్లు కొనుక్కుంటే చాలు, సాధన సాగిపోతుంది.

అదే పిల్ల మూడేళ్ల తర్వాత .22 పిస్టల్‌కు మారదామనుకుంటే లోకమే మారిపోతుంది. లైసెన్సు కావాలి, తూటాలు కావాలి, విదేశీ ఆయుధం తెప్పించుకోవాలంటే అనుమతి కావాలి. గుర్తింపు ఉన్న క్లబ్బులో సభ్యత్వం, రాష్ట్ర పోటీల్లో కనీస స్కోరు, ఆపై మవలాంకర్ పేరుతో జరిగే అర్హత పోటీ, ఆ తర్వాత జాతీయ పోటీ. ఈ మెట్లలో చాలా చోట్ల సంఘం ఇచ్చే కాగితమే తాళంచెవి. మామూలు పౌరుడు 2019 చివర్లో చేసిన సవరణ తర్వాత రెండుకు మించి ఆయుధాలు ఉంచుకోకూడదు. పోటీల్లో నిర్ణీత ప్రమాణం అందుకుని ‘రినౌన్డ్ షాట్’ హోదా పొందిన షూటర్‌కు ఆ రెండూ కాక, పోటీలను బట్టి మరో పన్నెండు దాకా వీలుంటుంది. చదరంగం సంఘం కార్యదర్శి సంతకం కోసం ఎవరూ పడిగాపులు కాయరు. రైఫిల్ సంఘం కార్యదర్శి సంతకం వెనుక మాత్రం హోం శాఖ, పోలీసు కార్యాలయం వరుసలో ఉంటాయి. కాబట్టి ఈ సంఘాల్లో సభ్యత్వం కోరేవారంతా పతకాల కోసమే వస్తారని అనుకోలేం. వారికీ ఓటు ఉంటే, ఆ ఓట్లతో గెలిచే కార్యవర్గం ఎవరి అవసరాలకు ముందు బదులిస్తుందో చెప్పక్కర్లేదు.

రాష్ట్ర విభజన తర్వాత తెలుగు నేలపై ఒక సంఘం చోట రెండు సంఘాలు వచ్చాయి. ఢిల్లీ లెక్కల్లో అది రెండు అనుబంధ విభాగాలు. ఈ నేల నుంచి లండన్‌లో కాంస్యం గెలిచిన గగన్ నారంగ్, పదమూడేళ్లకే జాతీయ చాంపియన్ అయిన ఈషా సింగ్, గాల్లోకి ఎగిరే మట్టి పళ్లేలను కాల్చే ట్రాప్ పోటీలో ఏషియాడ్ స్వర్ణ జట్టులో నిలిచిన కైనాన్ చెనాయ్ వచ్చారు. వీరిలో క్రీడా పాలనలో పెద్ద కుర్చీ దాకా వెళ్లింది నారంగ్. ఆ కుర్చీ రైఫిల్ సంఘంలోది కాదు. 2022 డిసెంబరులో ఆయన భారత ఒలింపిక్ సంఘం ఉపాధ్యక్షుడయ్యారు. సుప్రీంకోర్టు అప్పగించగా తెలుగువారైన విశ్రాంత న్యాయమూర్తి ఎల్. నాగేశ్వరరావు ఆ సంఘం నియమావళిని తిరగరాసి, క్రీడాకారులకు ఓటు కల్పించాక జరిగిన తొలి ఎన్నిక అది. అంటే కోర్టు తలుపు తట్టాకే షూటర్లకు ఆ తలుపు తెరుచుకుంది.

రాష్ట్ర స్థాయిలో కోర్టు దారి ఇంకా నెమ్మది. తెలుగు రాష్ట్రాల్లో సంఘాలు సాధారణంగా 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కిందికి వస్తాయి. కార్యవర్గంపై తగవు వస్తే 23వ సెక్షన్ కింద మధ్యవర్తిత్వానికో జిల్లా కోర్టుకో వెళ్లాలి. అక్కడ భూతగాదాలు, బాకీల దావాల మధ్య రైఫిల్ సంఘం ఓటరు జాబితా తన వంతు కోసం ఎదురుచూస్తుంది. ఈలోగా ఎన్నికైన కార్యవర్గం గడువు పూర్తి చేసుకుని, తర్వాతి ఎన్నికకు నోటీసు కూడా ఇచ్చేయగలదు.

కొత్త చట్టం ఈ చిక్కుముడిని విప్పుతుందని షూటర్ల తల్లిదండ్రులు ఆశపడుతున్నారు. జాతీయ క్రీడా ట్రిబ్యునల్ వస్తుంది, దానిపై అప్పీలు సుప్రీంకోర్టుకే. జాతీయ సంఘాల ఎన్నికలకు ప్రత్యేక ఎన్నికల అధికారుల జాబితా ఉంటుంది. క్రీడాకారులకు చోటు ఇక దయాదాక్షిణ్యం మీద ఆధారపడదు. ఇవి చిన్న మార్పులు కావు.

చట్టాన్ని కొంచెం జాగ్రత్తగా చదివితే రెండు సంగతులు కనిపిస్తాయి. ఒకటి, జాతీయ సంఘంలో అధ్యక్ష, కార్యదర్శి, కోశాధికారి పదవులకు అర్హత దారుల్లో రాష్ట్ర సంఘంలో ఇవే పదవులు నిర్వహించిన అనుభవం కూడా ఉంది. దాంతో రాష్ట్ర కార్యదర్శి కుర్చీ విలువ నిన్నటికంటే నేడు ఎక్కువ. తగవు ఇంత వేడెక్కడానికి ఇది కారణం కాదని ఎవరూ నమ్మబలకలేరు. రెండోది ఇంకా ఆసక్తికరం. అనుబంధ సంఘాల ఎన్నికలను పర్యవేక్షించే అధికారుల ప్యానెల్‌ను ఏర్పాటు చేసేది జాతీయ సంఘమే. ఆ జాతీయ సంఘాన్ని ఎన్నుకునేది రాష్ట్ర సంఘాల ప్రతినిధులు. అంటే మొహాలీలో 56 మంది కూర్చున్న గదిలోంచే, ఆ 56 మంది వారసులను ఎన్నుకునే పోటీలకు అంపైర్లు వస్తారు. గచ్చిబౌలిలో పిస్టల్ లైసెన్సు కాగితం కోసం ఎదురుచూస్తున్న అమ్మాయి పేరు ఓటర్లు, అంపైర్లు అనే ఈ రెండు జాబితాల్లోనూ ఇంకా లేదు.