ఇంటికి ఫొటో ప్రింటరు కొంటున్నారా? అపోహలు – వాస్తవాలు

పాలకొల్లులో నాకు ఫొటో స్టూడియో ఉంది. ప్రింటర్ల రిపేరు కూడా చేస్తాను. చించినాడ వంతెన దాటి రాజోలు, మలికిపురం నుంచి వచ్చేవాళ్లూ, ఇటు నరసాపురం, భీమవరం వాళ్లూ ఈ మధ్య తరచూ ఒకటే అడుగుతున్నారు: "ఇంట్లోనే ఫొటోలు వేసుకుందామనుకుంటున్నామండీ. స్కానరు, జిరాక్సు కూడా ఉన్నది ఏది తీసుకోమంటారు?" నేను వెంటనే పేరు చెప్పను. "వారానికి ఎన్ని వేస్తారండీ? వేసినవి ఆల్బమ్‌లో పెడతారా, గోడకు తగిలిస్తారా?" అని అడుగుతాను. ఈ రెండింటికీ జవాబు తెలిస్తే ఏ ప్రింటరు కావాలో దానంతటదే తేలిపోతుంది. అది తేలకముందే కొన్నవి ఆరు నెలలకి నా బల్ల మీదికి వస్తాయి.

అపోహ: డబ్బా మీద డీపీఐ ఎంత ఎక్కువుంటే ఫొటో అంత బాగా వస్తుంది

5760×1440, 4800×1200 అని డబ్బాల మీద వేస్తారు. ఒక అంగుళంలో ఇంకు చుక్కని ఎన్ని చోట్ల వేయగలదో చెప్పే లెక్క అది. చెంప మీది ఒక్క ఛాయ తేవాలన్నా పసుపు, గులాబీ, నీలం చుక్కలు చాలా పక్కపక్కన పడాలి, అందుకని అన్ని చోట్లు కావాలి. ఫొటోలో ఉండాల్సిన వివరానికి లెక్క వేరు. చేత్తో పట్టుకుని చూసే ఫొటోకి అంగుళానికి 300 పిక్సెళ్లు చాలు. మనం మ్యాక్సీ అనే 4×6 సైజుకి 1200×1800, అంటే 22 లక్షల పిక్సెళ్లలోపే. ఏ4 నిండా వేసినా 87 లక్షలు. ఇప్పటి ఫోన్లు చాలావరకు అంతకు మించే తీస్తాయి.

మరి ఫొటో మసకగా ఎందుకొస్తుందంటే, చాలాసార్లు కారణం వాట్సాప్. మే 15న కాటన్ దొర జయంతి వస్తుందంటే రైతులు ఆయన ఫొటో పెద్దది వేయమని వస్తారు. చూపించేది ఎన్నో గ్రూపులు తిరిగొచ్చిన బొమ్మ. ఫొటోగా పంపినప్పుడే వాట్సాప్ దాన్ని కుదించేసింది, దించుకుని మళ్లీ పంపినప్పుడల్లా ఇంకా కుదించింది. ఆ కళ్లూ గడ్డమూ అందులోనే లేవు, ఏ ప్రింటరు మాత్రం ఎక్కణ్నుంచి తెస్తుంది? ఫొటో పంపేవాళ్లని "డాక్యుమెంట్‌గా పంపండి" అని అడగండి. ఖర్చు లేని పని, ఖరీదైన ప్రింటరు కంటే ఎక్కువ ఫలితం ఇస్తుంది.

అపోహ: ట్యాంకు ప్రింటర్లన్నీ ఒకటే, ఏది చవకైతే అది తీసుకోవచ్చు

ట్యాంకు ప్రింటరంటే బాటిల్‌తో ఇంకు పోసుకునేది. ఆ ట్యాంకులో ఏ ఇంకు ఉందో చూడాలి. ఇంకులు రెండు రకాలు. డై ఇంకు నీళ్లలో పూర్తిగా కరిగిపోయిన రంగు, కాగితం పూతలోకి ఇంకిపోతుంది. పిగ్మెంట్ ఇంకులో రంగు సన్నటి పొడిగా తేలుతూ ఉంటుంది, కాగితం పైనే నిలబడుతుంది. ఎప్సన్ ఎల్3250లో నాలుగు రంగులూ డై. కానన్ జీ3010లో మూడు రంగులు డై, నలుపు మాత్రం పిగ్మెంట్. ఆ నలుపుతో పిల్లల ప్రాజెక్టు కాగితాలు, దరఖాస్తులు ముదురుగా, స్పష్టంగా వస్తాయి, తడి తగిలినా అంతగా చెదరవు. కానీ గ్లాసీ పేపరు మీద ఆ నలుపు అంటుకోదు. అందుకని గ్లాసీ అని సెట్టింగు పెట్టగానే ప్రింటరు దాన్ని పక్కనపెట్టి, మిగతా మూడు రంగులు కలిపి నలుపు చేస్తుంది. పెళ్లికూతురి జడ నిగనిగలాడాల్సిన చోట కాస్త గోధుమ ఛాయ కనపడటానికి కారణం ఇదే.

నాలుగు రంగులతో ఇంకో ఇబ్బంది నలుపు తెలుపు ఫొటోల్లో తెలుస్తుంది. తాతయ్యగారి పాత ఫొటో వేస్తే ఒకచోట ఆకుపచ్చ జాడ, ఒకచోట ఎర్ర జాడ కొడుతుంది. బూడిద రంగుని కూడా మూడు రంగులు కలిపే చేయాలి మరి. ఆరు రంగులున్న కానన్ జీ670లో బూడిద, ఎరుపు అదనంగా ఉంటాయి. ఎప్సన్ ఎల్8160లో ఫొటో నలుపు, బూడిద ఉంటాయి. రెండింట్లోనూ స్కానరుంది. ఎప్సన్ ఎల్8050లో లేత నీలం, లేత గులాబీ ఉండటంతో చర్మం ఛాయ నున్నగా వస్తుంది, కానీ దానికి స్కానరు లేదు. అది తెలియక కొని, ఆధార్ జిరాక్సు కోసం మళ్లీ బజారుకి వచ్చేవాళ్లున్నారు.

నా మాట: పిల్లల చదువు పనే ఎక్కువ, ఫొటోలు అప్పుడప్పుడు అనుకుంటే నాలుగు రంగులది చాలు. పుట్టినరోజులు, వ్రతాలు, ఊళ్లు తిరిగిన ఫొటోలు నెల నెలా వేసి ఆల్బమ్ కట్టుకునే ఇల్లయితే ఆరు రంగులది తీసుకోండి. అలాగే ఎల్3250 అంచుల దాకా తెల్ల గీత లేకుండా వేయగలిగేది 4×6 వరకే. ఏ4 సైజులో అంచు లేకుండా కావాలంటే కొనే ముందే అడిగి తెలుసుకోవాలి.

అపోహ: ప్రింటరు మంచిదైతే పేపరు ఏదైనా పర్లేదు

నా దగ్గరికొచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోతాయి, ప్రింటరు విప్పక్కర్లేకుండానే.

ఒకసారి నరసాపురం నుంచి ఒకాయన కొత్త ప్రింటరుని ఆటోలో పెట్టుకుని వచ్చారు. వేలితో తుడిస్తే నలుపంతా అంటుకొస్తోందని. పేపరు గ్లాసీ, సెట్టింగు మాత్రం ప్లెయిన్. పిగ్మెంట్ నలుపు వెళ్లి గ్లాసీ మీద కూర్చుంది, అదెప్పటికీ ఆరదు. పేపర్ టైపు మార్చి మళ్లీ వేస్తే అదే ప్రింటరు, అదే ఫొటో, ఆయనే ఆశ్చర్యపోయారు. ఫోన్లోంచి ప్రింటు ఇచ్చేటప్పుడు ఈ సెట్టింగు లోపలెక్కడో ఉంటుంది. వెతికి పట్టుకోండి. ఇంకు ఎంత పోయాలి, చుక్క ఏ సైజులో వేయాలి, ఏ నలుపు వాడాలి, అన్నీ ఆ ఒక్క మాట మీదే నడుస్తాయి.

పేపరుకి ఒక వైపే పూత ఉంటుంది. ఏ వైపో తెలియకపోతే తడి వేలితో మూలన తాకండి, పూత ఉన్న వైపు కొంచెం అంటుకుంటుంది. జీఎస్ఎం ఎక్కువైతే మంచిదనుకుంటారు. జీఎస్ఎం బరువే చెబుతుంది, పూత సంగతి చెప్పదు. చవక గ్లాసీలో మామూలు కాగితం మీదే పూత ఉంటుంది. మన వానాకాలపు చెమ్మకి అది అప్పడంలా ముడుచుకుంటుంది. ఆర్‌సీ పేపరుకి కాగితం రెండు వైపులా పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, అందువల్ల ముడతపడదు. గోడకు పెట్టే ఫొటోకి అదే వాడండి. ఇలాంటి మందపాటి పేపరు వెనక ట్రే నుంచి నేరుగా వెళ్లే ప్రింటరైతే మేలు, కింది ట్రేలోంచైతే లోపల వంపు తిరిగి రావాలి.

పేపరు ప్యాకెట్ విప్పి ట్రేలో వదిలేయొద్దు. కావాల్సిన రెండు షీట్లు తీసి, మిగతావి జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. కాలవ గట్టు మీద ఇల్లున్నవాళ్లకి ఇది మరీ ముఖ్యం. వేసిన ఫొటోని కూడా ఒక రోజు విడిగా ఆరనివ్వాలి. ఆరకుండా అద్దం కిందికి తోస్తే అంటుకుపోతుంది. పటం కట్టించేటప్పుడు అద్దానికీ ఫొటోకీ మధ్య మౌంట్, అంటే చుట్టూ అట్ట అంచు, వేయమనండి.

అపోహ: ఇంట్లో వేసినా, ల్యాబ్‌లో వేసినా గోడ మీద ఒకేలా నిలుస్తుంది

ఆచంట దగ్గర్నుంచి ఒక అబ్బాయి వాళ్ల నాన్నగారి పటం తెచ్చాడు. పెద్దకర్మ నాటికి అందాలని రాత్రికి రాత్రి ఇంట్లోనే ఏ4 మీద వేశారట, చవక పేపరు, లోకల్ ఇంకు. అద్దం లేని ఫ్రేములో వసారాలో తగిలించారు. రెండేళ్లలో నీలం వెలిసిపోయి ముఖమంతా ఎర్రబారింది. "మా అమ్మ రోజూ దాని ముందే దీపం పెడుతుందండీ" అన్నాడు. ఫైలు కూడా పోయింది. ఆ ఎర్రబారిన ఫొటోనే స్కాన్ చేసి, రంగులు సరిచేసి ఇచ్చాను. బాగానే వచ్చింది, కానీ ఉన్నదున్నట్టు రాలేదు.

డై ఇంకుకి ఎండ ఒక శత్రువు, గాలి ఇంకో శత్రువు. త్వరగా ఆరే గ్లాసీ పూతలో సన్నటి రంధ్రాలుంటాయి, వాటిలోంచి గాలిలోని ఓజోన్ లోపలికి వెళ్లి రంగుని కొరికేస్తుంది, నీలాన్ని మరీను. అద్దం వేస్తే గాలి తగలడం చాలావరకు తగ్గుతుంది. పిగ్మెంట్ రంగులు ఇంతకంటే బాగా తట్టుకుంటాయి. ఇన్నేళ్లు నిలుస్తుందని కంపెనీ చెప్పే మాట వాళ్ల ఇంకు, వాళ్ల పేపరు కలిపి పరీక్షించి చెప్పింది. లోకల్ ఇంకు పోశాక ఆ మాట వర్తించదు. కాగితాలకు లోకల్ ఇంకు వాడేవాళ్లతో నేను వాదించను. పెద్దవాళ్ల ఫొటోకి మాత్రం వద్దని గట్టిగా చెబుతాను. పటం కట్టించి హాల్లో పెట్టే ఆ ఒక్క ఫొటోని కలర్ ల్యాబ్‌లో వేయించండి, ప్రింటరు ఇంట్లో ఉన్నా సరే. ల్యాబ్ ఫొటో కూడా ఎండకి వెలుస్తుంది, దాన్నీ కిటికీ ఎదురుగా పెట్టొద్దు.

అపోహ: ట్యాంకు నిండా ఇంకుంటే ఇక చూసుకోనక్కర్లేదు

ప్రింటరు హెడ్డులో ఉండే వెంట్రుక కంటే సన్నటి రంధ్రాల్లోంచి ఇంకు రావాలి. వాడకపోతే అక్కడే ఎండిపోతుంది. వారానికొకసారి నాజిల్ చెక్ (రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో లేదో చూపే గీతల పేజీ) వేయండి, లేదా ఒక చిన్న రంగుల బొమ్మ. గీతలు తెగితే హెడ్ క్లీనింగ్ రెండుసార్లు, మహా అయితే మూడుసార్లు. అప్పటికీ రాకపోతే ఆపేసి రాత్రంతా వదిలేయండి, పొద్దుటికి చాలాసార్లు అదే తెరుచుకుంటుంది. పట్టుబట్టి పదిసార్లు కొడితే ఆ ఇంకంతా అడుగున ఉన్న వేస్ట్ ప్యాడ్‌లోకి పోతుంది. అది నిండితే ప్రింటరే ఆగిపోతుంది. కొన్ని మోడళ్లలో ఆ ప్యాడ్ ఉన్న డబ్బాని మనమే మార్చుకోవచ్చు, కొనేటప్పుడు అడగాల్సిన విషయం ఇది.

ఇంకో అలవాటు మానాలి. చాలామంది గోడ దగ్గర స్విచ్ కట్టేస్తారు. ప్రింటరు మీది బటన్‌తో ఆపితేనే హెడ్డు తన చోటికి వెళ్లి మూత పెట్టుకుంటుంది. పని మధ్యలో కరెంటు పోతే హెడ్డు తెరుచుకునే ఉండిపోతుంది. గాలివానకి మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు, ఇన్వర్టరు లైనుకి కలపండి. ఎల్3250 లాంటివి ప్రింటు వేసేటప్పుడు కూడా 20 వాట్లలోపే తీసుకుంటాయి. లేజర్ ప్రింటరుని మాత్రం కలపొద్దు, దాని హీటరుకి వందల వాట్లు కావాలి. రిపేరుకి తెచ్చేటప్పుడు బైకు మీద ఏటవాలుగా పెట్టుకోకండి, ఇంకు ఒలికి లోపలంతా పాడవుతుంది.

అపోహ: బాటిల్ ఒకటి వేల పేజీలొస్తుంది కదా, ఫొటోలూ అన్నే వస్తాయి

రావు. 4500, 7500 అని రాసేవి తెల్ల కాగితం మీద కొద్దిగా అక్షరాలు, బొమ్మలు ఉన్న పేజీల లెక్క. ఫొటో అంటే అంచు నుంచి అంచు దాకా ఇంకే. ఏడాదికి ఇరవై, ముప్పై ఫొటోలు వేసే ఇంటికి ల్యాబ్ చవక. ఫొటో కోసమే అయితే వాళ్లని ప్రింటరు కొనొద్దనే చెబుతాను.

అపోహ: తలలు తెగిపోతున్నాయంటే ప్రింటరు పాడైనట్టే

ఫోన్ ఫొటో 4:3 కొలతలో ఉంటుంది, మ్యాక్సీ పేపరు 3:2. పేపరు నింపాలంటే ఫొటోలో తొమ్మిదో వంతు కోతపడుతుంది. అంచు లేకుండా వేస్తే ఇంకొంచెం. సంక్రాంతికి అల్లుళ్లు, మనవలు అందరూ నిలబడ్డ గ్రూపు తీసేటప్పుడు చుట్టూ చోటు వదలండి, లేదా తెల్ల అంచుతో వేసుకోండి.

అపోహ: ఆల్ ఇన్ వన్‌లో స్కానరు జిరాక్సుకే

ఇది విన్నప్పుడల్లా బాధేస్తుంది. మన వైపు ఇళ్లలో ఆ స్కానరు చేయగల అతి పెద్ద మేలు పాత ఫొటోలను కాపాడటం. 1986 ఆగస్టు గోదావరి వరదలో తడిసినవి, 1996 నవంబరు 6 తుపానుకి పెంకులెగిరిపోయిన ఇళ్లలో నానినవి ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటాయి, మరకలతో, బూజుతో. ఏటా వానాకాలం వాటిలోంచి ఇంకొంచెం తీసుకుపోతోంది.

ఫొటోని మెత్తటి పొడి గుడ్డతో తుడిచి, 600 డీపీఐలో స్కాన్ చేయండి. మ్యాక్సీ సైజుకి 2400×3600 పిక్సెళ్లు వస్తాయి, రెండింతలు పెంచి వేసుకున్నా చాలు. నలుపు తెలుపు ఫొటోనైనా కలర్‌లోనే స్కాన్ చేయండి, పసుపు మరకని తర్వాత విడదీయడం తేలికవుతుంది. నెగటివ్‌లు ఈ స్కానర్లలో రావు, వాటికి వెనక నుంచి వెలుతురు కావాలి.

ఫొటో అద్దానికి అంటుకుపోయి ఉంటే మాత్రం దయచేసి లాగకండి. లాగితే ముఖం అద్దం మీద ఉండిపోతుంది, కాగితం చేతికొస్తుంది. ఇంటి ప్రింటర్లలోని స్కానరు గాజుకి ఆనుకున్నదాన్నే స్పష్టంగా చూడగలదు, మధ్యలో అద్దం మందం వస్తే మసకవుతుంది. అద్దంతో సహా వసారా నీడలోకి తెచ్చి, బల్ల మీద పడుకోబెట్టి, ఫోన్‌ని సరిగ్గా పైన సమానంగా పట్టుకుని తీయండి. మీ నీడ, ఆకాశం వెలుగు అద్దంలో పడకుండా నల్ల గుడ్డ ఒకటి అడ్డం పట్టించండి. పోయినేడాది అంతర్వేది నుంచి వచ్చిన ఒక పెళ్లి ఫొటోని అలాగే తీశాం. పెళ్లికొడుకు భుజం దాకా చెమ్మ పాకింది గానీ, రెండు ముఖాలూ దక్కాయి.