జాక్సన్ హైట్స్ పాతకాలపు కో-ఆప్ ఫ్లాట్లు: అపోహలు - వాస్తవాలు

న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో, ముఖ్యంగా జాక్సన్ హైట్స్ ప్రాంతంలో, ఇళ్ళ క్రయవిక్రయాలు చూడటం నా వృత్తి. 74వ వీధిలో పప్పులు, కూరగాయలు కొనడానికి వచ్చే తెలుగు కుటుంబాలు నాలుగు వీధులు అవతలికి నడిచి, ఇటుక భవనాల నడుమ ఉన్న లోపలి తోటలను చూసి, ఇంత విశాలమైన ఇల్లు మాన్‌హాటన్‌కు ఇంత దగ్గరలో ఈ ధరకు ఎలా వస్తున్నదని ఆశ్చర్యపోతుంటాయి. 1917లో ఎత్తు వంతెన మీది రైలు ఇక్కడికి చేరిన తరువాత, ఎడ్వర్డ్ మెక్‌డూగల్ నడిపిన క్వీన్స్‌బరో కార్పొరేషన్ ఈ తోటల భవనాలను కట్టించింది. రెండవ ప్రపంచయుద్ధానికి ముందు కట్టినవి కాబట్టి వీటిని 'ప్రీవార్' అంటారు. ఇటీవల అమ్మకానికి వచ్చిన ఒక ఆరు గదుల కో-ఆప్ (సహకార పద్ధతి) ఫ్లాట్‌ను చూడటానికి వచ్చినవారు అడిగిన ప్రశ్నలనే ఇక్కడ వరుసగా తీసుకుంటున్నాను.

అపోహ: డబ్బు చెల్లించగానే ఫ్లాట్ నా పేరున రిజిస్టర్ అవుతుంది.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫ్లాట్ కొన్నవారికి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం, సేల్ డీడ్, భూమిలో అవిభక్త వాటా అనే మూడూ మనసులో స్థిరపడి ఉంటాయి. కో-ఆప్‌లో ఈ మూడూ ఉండవు. భవనం మొత్తానికి యజమాని ఒక కార్పొరేషన్; మీరు కొనేది ఆ కార్పొరేషన్‌లో మీ ఫ్లాటుకు కేటాయించిన షేర్లను, వాటితోపాటు ఆ ఫ్లాటులో నివసించే హక్కునిచ్చే దీర్ఘకాలిక లీజును. అందువల్ల మీ చేతికి వచ్చేవి షేర్ సర్టిఫికెట్, లీజు పత్రం. బ్యాంకు అప్పు ఇస్తే ఆ రెంటినీ తన దగ్గర ఉంచుకుంటుంది. ఇందులో కొనుగోలుదారుకు కలిసివచ్చే సంగతి ఒకటి ఉంది. ఇల్లో కాండోనో (మన ఊళ్ళలోలాగా సొంత పేరున రిజిస్టరయ్యే ఫ్లాట్) కొని 6 లక్షల డాలర్ల అప్పు తీసుకుంటే, తనఖా నమోదు పన్నుగా కొనేవారి వంతుకు 1.925 శాతం, అంటే 11,550 డాలర్లు వస్తుంది. కో-ఆప్ షేర్ల మీద తీసుకున్న అప్పుకు ఆ పన్ను లేదు. అయితే ధర 10 లక్షల డాలర్లో, అంతకు మించో ఉంటే కొనేవారు కట్టవలసిన 'మాన్షన్ టాక్స్' మాత్రం కో-ఆప్‌కూ వర్తిస్తుంది; అది 1 శాతంతో మొదలవుతుంది.

అపోహ: మెయింటెనెన్స్ అంటే వాచ్‌మన్, లిఫ్టు, నీళ్ళ ఖర్చు, నెలకు అంత అడగడం అన్యాయం.

మనవారు అన్నిటికన్నా ఎక్కువగా పొరబడేది ఇక్కడే కాబట్టి కొంత విపులంగా రాస్తాను. కో-ఆప్ మెయింటెనెన్స్‌లో భవనం మొత్తానికి నగరం విధించే ఆస్తి పన్నులో మీ వాటా, చలికాలపు వేడి, వేడినీళ్ళు, సిబ్బంది జీతాలు, బీమా, మరమ్మతులు కలిసి ఉంటాయి. వీటన్నిటితోపాటు, కార్పొరేషన్ తన పేరున భవనం మీద తీసుకున్న అప్పు ఉంటే దాని వాయిదా కూడా ఉంటుంది. ఉదాహరణకు భవనం మీద 30 లక్షల డాలర్ల అప్పు ఉందని, మొత్తం షేర్లు 30,000 అని, మీ ఫ్లాటువి 600 అని అనుకుందాం. మీ వాటా 2 శాతం. అంటే అమ్మకపు ధరలో ఎక్కడా కనిపించని 60,000 డాలర్ల బరువు ఆ ఫ్లాటుతోపాటే మీ మీదికి వస్తున్నది. పక్క భవనంలో అదే కొలతల ఫ్లాట్ కొంత ఎక్కువ ధర పలకడానికి, అక్కడ అప్పు తక్కువగా ఉండటం ఒక కారణం కావచ్చు. ఆస్తి పన్నులోనూ, భవనపు అప్పు వడ్డీలోనూ మీ వాటాను, చట్టం విధించిన పరిమితులకు లోబడి, ఆదాయపు పన్ను లెక్కలో మినహాయించుకోవచ్చు. ఆ వాటా ఎంతో కార్పొరేషనే ఏటా లెక్కగట్టి తెలియజేస్తుంది.

అందుకే ఫ్లాట్ చూసి ముచ్చటపడినవారిని నేను మొదట అడిగేది, భవనపు ఆడిట్ లెక్కలు చూశారా అని. నిల్వ నిధి ఎంత ఉన్నది, భవనపు అప్పును ఏ సంవత్సరంలో తీర్చి కొత్త అప్పు తీసుకోవాలి, గడచిన ఏళ్ళలో మెయింటెనెన్స్‌ను ఎన్నిసార్లు పెంచారు, మరమ్మతుల కోసం ప్రత్యేక వసూళ్ళు ఉన్నాయా అన్నవి అందులో తెలుస్తాయి. షేర్‌హోల్డర్లు ఎన్నుకునే, భవనాన్ని నడిపే బోర్డు సమావేశాల మినిట్స్‌ను (చర్చల నమోదు) మీ లాయర్ చదవాలి. పైకప్పు కారుతున్నదనీ, బాయిలర్ మార్చాలనీ, ఫలానా వరుస ఫ్లాట్లలో గొట్టాలు తరచుగా పగులుతున్నాయనీ ముందుగా కనబడేది ఆ పుటల్లోనే. 25,000 చదరపు అడుగులు మించిన భవనాల కర్బన ఉద్గారాలకు పరిమితి విధిస్తూ నగరం 2019లో చేసిన 97వ స్థానిక చట్టం 2024 నుంచి అమలులోకి వచ్చింది. 2030లో ఆ పరిమితి మరింత బిగుస్తుంది. ఆయిల్‌తో పాత బాయిలర్ నడుపుతున్న భవనం దీనికి ఏమి సిద్ధం చేసుకున్నదో అడగకుండా కొనడం నా దృష్టిలో పెద్ద పొరపాటు.

అపోహ: జీతం బాగుంది, బ్యాంకు అప్పు మంజూరు చేసింది, బోర్డు ఇంటర్వ్యూ ఒక లాంఛనం.

కో-ఆప్‌లో కొనాలంటే బోర్డు కూడా మిమ్మల్ని ఆమోదించాలి. బ్యాంకు చూసేది ఒకటి, బోర్డు చూసేది మరొకటి. పొరుగువారు మెయింటెనెన్స్ ఎగ్గొడితే ఆ భారం మిగిలిన షేర్‌హోల్డర్ల మీద పడుతుంది కాబట్టి, నెలసరి ఆదాయంలో ఇంటి ఖర్చు, ఇతర అప్పుల వాయిదాలు కలిపి 25 నుంచి 30 శాతం మించకూడదని చాలా బోర్డులు కోరతాయి. కొనుగోలు పూర్తయిన తరువాత కూడా ఒకటి రెండేళ్ళ వాయిదాలకు, మెయింటెనెన్స్‌కు సరిపడే డబ్బు చేతిలో మిగలాలని చూసే బోర్డులూ ఉన్నాయి. గుంటూరులో ఉన్న స్థలాన్నీ, ఊళ్ళోని పొలాన్నీ ఆ లెక్కలోకి సాధారణంగా తీసుకోరు. నాన్నగారు పంపిన డబ్బయితే అది తిరిగి ఇవ్వనక్కరలేని బహుమతి అని రాతపూర్వకంగా చూపాలి. భారతదేశంలో నివసించేవారు ఒక ఆర్థిక సంవత్సరంలో మనిషికి 2,50,000 డాలర్ల వరకే పంపగలరు కనుక ఆ ఏర్పాటు నెలల ముందే మొదలుపెట్టాలి.

నేను చూసిన ఒక కుటుంబానికి ఆదాయం పుష్కలంగా ఉండి కూడా తిరస్కారం ఎదురైంది. ఉన్న డబ్బంతా ముందస్తు చెల్లింపుకే పెట్టేశారు, చేతిలో మూడు నెలల ఖర్చుకు కూడా మిగల్లేదు. ఆ తప్పులో నాకూ భాగముంది. దరఖాస్తు వెళ్ళకముందే ఆ లెక్కను నేను గట్టిగా చెప్పి ఉండవలసింది.

ఇక బోర్డు ఇష్టం వచ్చినట్టు ఎవరినైనా కాదనవచ్చు అన్నది దీనికి ఎదురుకొసన ఉన్న అపోహ. జాక్సన్ హైట్స్ తోటల భవనాలు తొలి దశాబ్దాల్లో యూదులకూ, నల్లవారికీ తలుపులు మూసి ఉంచాయన్నది చరిత్ర. ఈనాడు ఆర్థిక కారణాలతో బోర్డు కాదనగలదు గాని, జాతి, మతం, పుట్టిన దేశం, కుటుంబ స్థితి వంటి కారణాలతో కాదనడం చట్టవిరుద్ధం. న్యూయార్క్ నగర మానవ హక్కుల చట్టం వలస స్థితిని కూడా ఆ జాబితాలో చేర్చింది. హెచ్-1బి మీద ఉన్నామని దరఖాస్తు చేయడానికే వెనుకాడేవారు ఈ మాట గుర్తుంచుకోవాలని నా విన్నపం.

అపోహ: పాత కట్టడం కాబట్టి గోడలు మందం, చప్పుడు వినిపించదు.

గోడల వరకు ఈ మాటలో నిజముంది. నేలల సంగతి వేరు. ఆరంతస్తులు, అంతకన్నా తక్కువ ఎత్తున్న ఆనాటి భవనాల్లో చాలావాటికి అంతస్తుల మధ్య చెక్క దూలాలే ఉంటాయి. పై ఇంటిలో పిల్లలు పరుగెత్తితే కింద స్పష్టంగా వినిపిస్తుంది. నేలలో 80 శాతం మేరకు తివాచీ పరచాలనే నియమం చాలా భవనాల్లో ఉండటానికి కారణమిదే. విద్యుత్ తీగల సామర్థ్యాన్ని ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి, ఎందుకంటే కిటికీ ఏసీలు మూడు ఒకేసారి నడవని ఇళ్ళు ఇంకా ఉన్నాయి. నగరం ఇళ్ళలో సీసం రంగులను నిషేధించింది 1960లో. అంతకుముందు కట్టిన ఇంట్లో చిన్నపిల్లలతో దిగేవారు గోడల రంగు పొరలను తప్పనిసరిగా పరీక్ష చేయించాలి.

అపోహ: కొన్న తరువాత వంటగదిని ఆగ్నేయానికి మార్చుకోవచ్చు.

వాస్తు పట్టింపు ఉన్నవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. చాలా కో-ఆప్‌లు కింది ఇంటి పడకగది మీదనో హాలు మీదనో పై ఇంటి వంటగది, స్నానాల గది రాకూడదని నియమం పెట్టుకున్నాయి. నీరు కారితే కిందివారి పడక తడుస్తుంది, నిలువు గొట్టాలు ఉన్నచోటనే ఉండాలి కనుక ఈ నియమంలో అన్యాయం లేదు. లోపలి మార్పులకు బోర్డుతో ఒప్పందం, లైసెన్సు, బీమా ఉన్న కాంట్రాక్టరు అవసరం. 1993లో చారిత్రక ప్రాంతంగా ప్రకటించిన హద్దుల్లో ఉన్న భవనమైతే, కిటికీ మార్చడానికైనా, పొయ్యి పొగ పోయేందుకు బయటి గోడకు కన్నం పెట్టడానికైనా చారిత్రక కట్టడాలను కాపాడే నగర ల్యాండ్‌మార్క్స్ కమిషన్ అనుమతి కూడా కావాలి. తిరగమోత ఘాటు బయటకు పోయే దారి ఉందో లేదో ఇల్లు చూసే రోజునే చూసుకోవాలి.

అపోహ: కొని అద్దెకిచ్చుకోవచ్చు.

కొన్ని భవనాల్లో అసలు వీలుండదు. కొన్నిట్లో రెండేళ్ళు నివసించిన తరువాత, పరిమిత కాలానికి, బోర్డు అనుమతితో, అదనపు రుసుముతో వీలవుతుంది. పెట్టుబడి కోసం చూసేవారికి కో-ఆప్ తగదని నా అభిప్రాయం.

అపోహ: ఎన్ని చదరపు అడుగులో పత్రాల్లో ఉంటుంది.

పాత కో-ఆప్ పత్రాల్లో సాధారణంగా షేర్ల సంఖ్య, గదుల సంఖ్య మాత్రమే ఉంటాయి. ప్రకటనల్లో కనిపించే చదరపు అడుగులు చాలావరకు అంచనాలు. ఆరు గదులంటే హాలు, విడి భోజనాల గది, వంటగది, రెండు పడకగదులు, ఆనాడు పనిమనిషి కోసం కట్టిన చిన్న గది. స్నానాల గదులను లెక్కించరు. ఆ చిన్న గదిలో మంచం పడుతుందో లేదో, ఊరి నుంచి వచ్చే అమ్మానాన్నలకు సరిపోతుందో లేదో తెలియాలంటే టేపు తీసుకుని వెళ్ళి స్వయంగా కొలవండి.