సొకోట్రా దీవి నుంచి కుండీలోకి వచ్చిన ఎక్సాకమ్

జెన్షియన్ కుటుంబం అనగానే ఆల్ప్స్‌లోనో హిమాలయాల్లోనో చలిని తట్టుకుని ముదురు నీలంగా పూసే మొక్కలే చాలామందికి గుర్తొస్తాయి, కానీ అదే కుటుంబంలో చలి అస్సలు పడని చిన్న మొక్క ఒకటుంది, దాని పేరు ఎక్సాకమ్ అఫైన్. పర్షియన్ వయొలెట్ అని అమ్ముతారు గానీ దీని సొంతూరు యెమెన్‌కి చెందిన సొకోట్రా దీవి. అక్కడున్న 825 రకాల మొక్కల్లో 37 శాతం ప్రపంచంలో ఇంకెక్కడా పెరగవు, ఇదీ ఆ లెక్కలోదే. 1880లో బేలీ బాల్ఫోర్ అనే స్కాటిష్ వృక్షశాస్త్రవేత్త ఆ దీవికి వెళ్ళి బోలెడు కొత్త మొక్కలు సేకరించాడు, ఎక్సాకమ్ యూరప్ గ్రీన్‌హౌస్‌లకి చేరింది ఆ తర్వాతే. (చలికాలంలో పూసే బిగోనియాలకి మూలమైన మొక్క కూడా ఆ ట్రిప్‌లో వచ్చిందే, ఒక్క ప్రయాణానికి అది తక్కువ పంట కాదు.)

సొకోట్రా అంటే ఎండిపోయిన రాతి నేల అనుకుంటాం, చాలా భాగం నిజంగా అంతే. కానీ మధ్యలో ఉన్న హజ్‌హిర్ కొండల మీద పొగమంచు, మబ్బులు ఆగుతాయి, రాళ్ళ సందుల్లో తేమ, నీడ దొరుకుతాయి. ఈ మొక్క అలాంటి చోట్లకి అలవాటు పడింది కాబట్టి వెలుతురు బాగా కావాలి కానీ మధ్యాహ్నం ఎండ నేరుగా తగలకూడదు, మట్టి ఎప్పుడూ తడిగా ఉండాలి కానీ కుండీలో నీళ్ళు నిలవకూడదు. ఒక్కసారి బాగా ఎండిందంటే ఆకులు వాలిపోయి మొగ్గలు మాడిపోతాయి.

నన్ను అడిగితే అసలు చూడాల్సింది పువ్వుని. మొక్క మొత్తం జానెడు ఎత్తు, నున్నగా మెరిసే చిన్న ఆకులు, వాటి మీద అయిదు రేకుల లేత ఊదా పూలు, మంచి వాసన కూడా. మధ్యలో పచ్చగా బంగారం రంగులో కేసరాలు పొడుచుకొచ్చి ఉంటాయి, దగ్గరగా చూస్తే కీలం (కొసన పుప్పొడిని అందుకునే ఆడ కాడ) వాటి మధ్యలో నిటారుగా లేకుండా ఒక పక్కకి వంగి ఉంటుంది, కొన్ని పూలల్లో కుడికి, కొన్నిట్లో ఎడమకి. పుప్పొడి తిత్తులు మామూలు పూలల్లోలాగా నిలువునా పగిలి విచ్చుకోవు, కొసన చిన్న రంధ్రం ఉంటుంది అంతే, ఉప్పు డబ్బా మూతకి ఉన్న చిల్లుల్లాగా, ఊపితేనే రాలుతుంది. ఆ ఊపే పని బంబుల్ బీల్లాంటి బొద్దు తేనెటీగలు చేస్తాయి, పువ్వుని పట్టుకుని రెక్కలు ఆడించకుండానే ఎగరడానికి వాడే కండరాలని గిర్రున వణికిస్తాయి, అప్పుడు జుమ్మని శబ్దం వచ్చి పుప్పొడి చిమ్ముతుంది. మామూలు తేనెటీగలకి ఈ విద్య రాదు, పైగా ఇందులో తేనె కూడా లేదు, వచ్చిన పురుగుకి పుప్పొడే జీతం. టమాటా, వంకాయ పూలు కూడా ఇదే పద్ధతి. అందుకే కిటికీ దగ్గర పెట్టిన మొక్కకి విత్తనాలు కావాలనుకుంటే ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ వెనక వైపు పువ్వు కాడకి ఆనించి, రాలిన పొడిని కీలం కొసకి అంటించి చూడొచ్చు.

విత్తనాలు మాత్రం దుమ్ములా ఉంటాయి, తుమ్మితే పోతాయి. వాటిని మట్టితో కప్పకూడదు, మొలవాలంటే వెలుతురు తగలాలి. తడి కోకోపీట్ మీద చల్లి పైన ప్లాస్టిక్ మూత పెట్టి 20 డిగ్రీల దగ్గర ఉంచితే రెండు మూడు వారాల్లో మొలకలు కనపడతాయి, అక్కణ్ణుంచి మొదట్లో ఎంత నెమ్మదిగా పెరుగుతాయంటే చచ్చిపోయాయేమో అనిపిస్తుంది. పూతకి నెలలు పడుతుంది. కొసలు తుంచాల్సిన పని పెద్దగా లేదు, దానంతటదే గుబురుగా కొమ్మలేస్తుంది.

దీన్ని ఎక్కువగా చంపేది బూజు. గాలి ఆడకుండా కుండీలు దగ్గర దగ్గరగా పెట్టి సాయంత్రం పైనుంచి నీళ్ళు పోస్తే కాండం మొదట్లో బూడిద రంగు బూజు పట్టి ఒక్కో కొమ్మా వాడిపోతుంది, అందుకని నీళ్ళు మట్టికే పోయాలి, అదీ పొద్దున. తామర పురుగులు ఇంకో గొడవ, అవి రసం పీల్చడంతో ఆగకుండా వైరస్ కూడా అంటిస్తాయి, దానికి మందు లేదు, మచ్చలు పడిన మొక్కని పీకి పారేయడమే. ఇక అన్నీ బాగున్నా ఒక పెద్ద పూత అయ్యాక మొక్క నీరసించిపోతుంది. వాడిన పూలు ఎప్పటికప్పుడు గిల్లేస్తే ఇంకొన్ని వారాలు లాగొచ్చు, ఆ తర్వాత ఎరువులు పోసి బతికించాలని తంటాలు పడేకంటే మళ్ళీ విత్తనాలు చల్లుకోవడమే నయం.