లివర్ గడ్డను సూదితో కాల్చడం: 3 సెంటీమీటర్ల గీత ఎలా వచ్చింది?

లివర్‌లో క్యాన్సర్ గడ్డ ఉందని తేలి అనంతపురం నుంచి బెంగళూరుకో, కర్నూలు నుంచి హైదరాబాదుకో వెళ్లినవాళ్లను అక్కడ ముందుగా అడిగేది దాని సైజే. 3 సెంటీమీటర్ల లోపైతే సూదితో కాల్చేద్దామంటారు. 5 దాటితే మాట మారుతుంది. ఒంట్లో వేడి ఎంతదూరం పాకుతుందన్నదాన్ని బట్టి వచ్చిన గీత ఇది.

సెకనుకు పదివేలసార్లకు మించి దిశ మార్చుకునే కరెంటు ఒంట్లోంచి పోయినా కండరాలు బిగుసుకోవని 1891లో ఫ్రాన్సులో దార్సొన్వాల్ అనే శాస్త్రవేత్త చూపించాడు. 1926లో బోస్టన్‌లో సర్జన్ కుషింగ్, శాస్త్రవేత్త బోవీ అలాంటి కరెంటును ఆపరేషన్ కత్తిగా వాడారు. కడుపు కోయకుండా లోతున్న గడ్డను చేరాలంటే మాత్రం సూది మొన కంటికి కనబడాలి. అల్ట్రాసౌండ్, 1971లో తొలి రోగిని చూసిన సీటీ స్కాన్ వచ్చాకే అది కుదిరింది. 1980ల్లో జపాన్, ఇటలీ డాక్టర్లు అల్ట్రాసౌండ్‌లో చూస్తూ గడ్డలోకి ఆల్కహాల్ ఎక్కించారు. అది గడ్డలోని పొరల దగ్గర ఆగిపోయేది, అంతటా సమంగా పాకేది కాదు. 1990లో ఇటలీలో రోసీ, అమెరికాలో మెక్‌గాహన్ ఎవరికి వారుగా అలా వేగంగా దిశ మార్చుకునే కరెంటుతోనే గడ్డను వేడెక్కించి కాల్చే రేడియో తరంగాల సూదిని ముందుకు తెచ్చారు.

చిక్కంతా వేడితోనే. 60 డిగ్రీలు దాటితే కణం దాదాపు వెంటనే చస్తుంది, 50 దగ్గర నాలుగైదు నిమిషాలు పడుతుంది. 100 దాటిస్తే సూది చుట్టూ కండ ఆవిరై, బొగ్గై, కరెంటు ముందుకు పోదు. మంట ఎక్కువైతే జొన్నరొట్టె పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోయినట్టే. అందుకే ఒకే మొన ఉన్న తొలి సూదులు ఒకటిన్నర సెంటీమీటరు వెడల్పుకు మించి కాల్చలేకపోయాయి. లోపల చల్లనీళ్లు తిరిగే సూదులు, గొడుగు కమ్మీల్లా విచ్చుకునే సూదులు వచ్చాక ఆ వెడల్పు పెరిగింది. గడ్డకు అన్ని వైపులా అర నుంచి ఒక సెంటీమీటరు మంచి లివర్ కూడా కాలాలి. అంటే 3 సెంటీమీటర్ల గడ్డకు 4 నుంచి 5 కాల్చాలి. గీత అక్కడ పడింది.

పక్కన 3 మిల్లీమీటర్లకు మించిన రక్తనాళం ఉంటే పారే రక్తం వేడిని లాగేస్తుంది. గడ్డ తిరిగి మొలిచేది తరచూ ఆ అంచులోనే. మైక్రోవేవ్ సూది వేడి మాడినచోట కూడా ఆగదు కాబట్టి అక్కడ కొంత మెరుగు. పేగు ఆనుకుని ఉంటే మధ్యలో 5 శాతం డెక్స్ట్రోజ్ (చక్కెర నీళ్లు) ఎక్కించి పక్కకు జరుపుతారు. రేడియో సూది వేసేటప్పుడు సెలైన్ పనికిరాదు, ఉప్పునీళ్లలో కరెంటు పారుతుంది. కరెంటు తిరిగి బయటికి పోవడానికి తొడలకు అంటించే ప్యాడ్ సరిగా అతక్కపోతే అక్కడ చర్మం కాలుతుంది.

గడ్డను గీత లోపల పట్టుకునే పని మాత్రం కర్నూలు, కడప, అనంతపురంలోనే జరగాలి. చిన్న గడ్డ నొప్పి పెట్టదు. లివర్ గట్టిపడి సిర్రోసిస్ అని తేలినవాళ్లు ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ తీయించుకోవాలి, దాంతోపాటు లివర్ క్యాన్సర్ జాడ చూసే ఏఎఫ్‌పీ రక్తపరీక్ష. అనుమానం వస్తే రక్తనాళాలు మెరిసి కనబడేలా చేసే మందు (కాంట్రాస్ట్) ఎక్కించి మూడు దశల్లో తీసే సీటీ కావాలి. మందు లేని సీటీ తీయించుకుని వెళ్తే అక్కడ మళ్లీ తీస్తారు, డబ్బూ రోజులూ పోతాయి. లివర్ క్యాన్సర్ గడ్డ సాధారణంగా 35 సెకన్ల దగ్గర మెరిసి, ఆ తర్వాతి దశల్లో నల్లబడుతుంది. చేతికి సన్నటి సూది పెట్టి మందు మెల్లగా ఎక్కిస్తే ఆ మెరుపు దొరకదు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష ముందే చేయించుకోవాలి. ఫిల్ములతో పాటు సీడీ అడిగి తీసుకోండి, సూది దారి కొలిచేది అందులోని బొమ్మల మీదే. కాల్చిన నెలకు మళ్లీ అదే మూడు దశల సీటీ తీయించి, పాత సీడీ పక్కన పెట్టి అంచులు చూపించుకోవాలి.