కాలేజీని పని రోజున చూడండి

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. ప్లస్ వన్, ప్లస్ టూ, అదే ఇంటర్, చదువుతున్నవాళ్లంతా ఈ ఉత్తరం తీరిగ్గా చదవండి. మీలో కొందరు చెన్నైలోనే పుట్టి పెరిగారు. కొందరు నెల్లూరు నుంచో తిరుపతి నుంచో ఇక్కడికి చదువుకి రావాలనుకుంటున్నారు. ఎవరికైనా నేను చెప్పేది ఒకటే. చేరబోయే కాలేజీని ముందే వెళ్లి చూడండి. అదీ పని రోజున, క్లాసులు జరుగుతున్నప్పుడు చూడండి.

మన ఇళ్లలో సాధారణంగా జరిగేది వేరు. మే నెలలో రిజల్ట్స్ వస్తాయి. మర్నాటి నుంచి అమ్మానాన్నలు సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని బయల్దేరతారు. అప్పటికి కాలేజీలకు సెలవులు. తెరిచి ఉండేది అడ్మిషన్ కౌంటరు ఒక్కటే. ఏసీ గదిలో కూర్చోబెట్టి, బ్రోషర్ చేతికిచ్చి, ఆడిటోరియం చూపించి పంపిస్తారు. ల్యాబులకు తాళాలు, హాస్టల్ ఖాళీ, మెస్ మూత. బిల్డింగులు బాగున్నాయని ఇంటికొచ్చి చెప్పుకోవడమే తప్ప ఏమీ తెలియదు.

ఇంజినీరింగ్ వాళ్ల సంగతి ఇంకా కష్టం. తమిళనాడులో సీటు తేల్చే కటాఫ్‌ని ప్లస్ టూ మార్కుల నుంచి 200కి లెక్కిస్తారు: మ్యాథ్స్‌కి 100, ఫిజిక్స్‌కి 50, కెమిస్ట్రీకి 50. కౌన్సెలింగ్‌లో నాలుగు వందలకు పైగా కాలేజీలుంటాయి, ఒక్కోదానికీ ఒక కోడ్ నంబరు. కావాల్సిన కాలేజీలను వరసగా ఎంచుకునే ఛాయిస్ ఫిల్లింగ్‌కి ఇచ్చేది కొద్ది రోజులే. ఆ టెన్షన్‌లో, ఎప్పుడూ గడప తొక్కని కాలేజీల కోడ్‌లు వరసగా కొట్టుకుంటూ పోతారు. నాలుగేళ్లు ఉండాల్సిన చోటు అలా తేలిపోవడం చూస్తే నాకు మనసు ఒప్పదు.

అందుకే ప్లస్ వన్‌లోనే మొదలుపెట్టండి. స్కూళ్లకు క్వార్టర్లీ పరీక్షల సెలవులు వస్తాయి కదా, ఆ రోజుల్లో చాలా కాలేజీలు మామూలుగా నడుస్తుంటాయి. ఈశాన్య రుతుపవనాల వానలు కూడా ఇంకా పట్టుకోవు. ముందు రోజు ఆఫీసుకి ఫోన్ చేసి, ప్లస్ వన్ చదువుతున్నాను, డిపార్ట్‌మెంట్ చూడాలనుకుంటున్నాను అని చెప్పండి. చాలాచోట్ల రమ్మంటారు. వద్దన్నారంటే అదీ ఒక సమాచారమే. కల్చరల్స్ జరిగే రోజులకు మాత్రం వెళ్లకండి. అప్పుడు ఏ క్యాంపస్ అయినా బాగానే ఉంటుంది.

నేను కెమిస్ట్రీ చెప్పిన మనిషిని. కాలేజీకి ఎవరైనా చూడ్డానికి వస్తే ఏ గదులు చూపిస్తారో, ఏ గదుల ముందు నుంచి గబగబా నడిపించుకుపోతారో నాకు తెలుసు. మా మనవడితో నగరం చివర ఒక ఇంజినీరింగ్ కాలేజీకి వెళ్లినప్పుడు వాడికి మెకానికల్ వర్క్‌షాప్ చూపించారు. లేత్ మెషీన్లు వరసగా, తళతళలాడుతూ ఉన్నాయి. కానీ ఇనుప రజను కనిపించింది రెండింటి కిందే. మిగతావాటి కింద నేల శుభ్రంగా ఉంది. వాడు అక్కడున్న థర్డ్ ఇయర్ అబ్బాయిని అడిగాడు, "అన్నా, నువ్వు సొంతంగా ఎన్ని జాబులు చేశావు?" అని. జాబ్ అంటే లేత్ మీద కోసి తయారుచేసే ముక్క. ఆ అబ్బాయి నిజమే చెప్పాడు. "సార్ చేసి చూపిస్తారు, మేం రికార్డు రాసుకుంటాం." అంతకంటే తెలుసుకోవాల్సింది ఇంకేముంది? మరోచోట ఒకమ్మాయి చేతినిండా గ్రీజుతోనే మాతో మాట్లాడింది. తన జాబ్ కొలత ఎక్కడ తప్పిందో, మళ్లీ ఎలా సరిచేస్తోందో మా వాడికి చూపించింది. ఆ కాలేజీ గేటు చిన్నది, ఆడిటోరియం లేదు. వాడి లిస్టులో అదే పైకి వచ్చింది.

సైన్స్‌కి వెళ్లేవాళ్లు ల్యాబ్‌లో బల్లల్ని చూడండి. యాసిడ్ మరకలు, కాలిన గుర్తులు ఉంటే అక్కడ పని జరుగుతున్నట్టు. ఒక్కో బ్యాచ్‌లో ఎంతమంది, ఒక్కో పరికరానికి ఎంతమంది అని అడగండి. నోటీసు బోర్డు దగ్గర ఆగి తేదీలు చదవండి. సెమినార్ నోటీసు ఈ నెలదా, రెండేళ్ల కిందటిదా? లైబ్రరీలో మీ సబ్జెక్ట్ అలమర దగ్గరికి వెళ్లి పుస్తకాలు తీసి, వెనక అట్ట మీద పుస్తకం తీసుకెళ్లిన తేదీల ముద్రలు ఉంటే చూడండి.

ఇక నప్పడం సంగతి. తాంబరంలో మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ ఉంది. 1837లో మొదలై, 1937లో జార్జ్‌టౌన్ నుంచి అక్కడికి మారింది. 365 ఎకరాలు, ఎటు చూసినా చెట్లు. హాస్టళ్లను హాల్స్ అంటారు: సేలయూర్, సెయింట్ థామస్, బిషప్ హీబర్. మనవరాలినీ మనవడినీ ఇద్దరినీ అక్కడికి తీసుకెళ్లాను. పిల్ల ఆ చెట్ల కింద నడుస్తూ, ఇక్కడైతే తనకి చదువు బుర్రకెక్కుతుందంది. వాడు గంట తిరక్కుండానే, ఇంత నిశ్శబ్దంలో తనకి తోచదన్నాడు. వాడికి గిండీ నచ్చింది. 1794లో సర్వే స్కూలుగా మొదలైన ఇంజినీరింగ్ కాలేజీ, ఆ ఎర్ర భవనం, బయటికి అడుగుపెడితే రోడ్డు నిండా బస్సులు. ఒకే కడుపున పుట్టిన పిల్లలు. ఇద్దరి మాటా నిజమే. ఏ ర్యాంకుల పట్టికా ఈ తేడా చెప్పదు.

సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు చదివింది కూడా ఈ క్రిస్టియన్ కాలేజీలోనే, అది జార్జ్‌టౌన్‌లో ఉన్న రోజుల్లో. చుట్టాలబ్బాయి ఒకాయన తన పాత ఫిలాసఫీ పుస్తకాలు ఇవ్వడంతో, కొత్తవి కొనే స్తోమత లేక ఆ సబ్జెక్టే తీసుకున్నారని చెబుతారు. అంత గొప్ప చదువు అలా కుదిరింది. మీకు వెళ్లి చూసి ఎంచుకునే అవకాశం ఉంది, వదులుకోకండి.

లెక్కలు కూడా చూడాలి. ప్లేస్‌మెంట్ బ్రోషర్లో పెద్ద అక్షరాల్లో ఉండేది హైయెస్ట్ ప్యాకేజీ, అంటే ఒక్కరికి వచ్చిన జీతం. మీకు కావాల్సింది మీడియన్. ఉద్యోగాలొచ్చిన వాళ్లందరినీ జీతం ప్రకారం వరసలో నిలబెడితే సరిగ్గా నడిమధ్య నిలబడే పిల్లకో పిల్లాడికో వచ్చేది. కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి ఇస్తున్న ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల కోసం కాలేజీలు సమర్పించే వివరాల్లో అది ఉంటుంది. ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, ఎంతమంది పై చదువులకు వెళ్లారు అన్నవీ ఉంటాయి. కాలేజీల నాణ్యత చూసే నాక్ సంస్థ గుర్తింపు కాలేజీ మొత్తానికి ఇస్తారు. సాంకేతిక కోర్సులకిచ్చే ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచి బ్రాంచికీ విడిగా ఇస్తారు కాబట్టి మీ బ్రాంచికి ఉందో లేదో చూడండి. ఇంజినీరింగ్‌లో ఇరవై మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలన్నది సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ నియమం. కాగితం మీద ఉన్నవాళ్లు క్లాసుకి వస్తున్నారా అన్నది మాత్రం సీనియర్లే చెప్పాలి. అటానమస్ కాలేజీ అంటే సిలబస్, ప్రశ్నపత్రం వాళ్లదే, డిగ్రీ మాత్రం యూనివర్సిటీది. సిలబస్ ఎప్పుడు మార్చారో అడగండి.

ఫీజు అడిగేటప్పుడు ట్యూషన్ ఫీజుతో ఆగకండి. బస్సు, మెస్, పరీక్ష ఫీజు, డిపాజిట్ అన్నీ కలిపి ఏడాదికి ఎంతో రాసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచమంటే ఒప్పుకోకండి. సరిచూసి తిరిగిచ్చేయాలని యూజీసీ 2018లోనే చెప్పింది. ర్యాగింగ్ గురించి భయముంటే 1800-180-5522 హెల్ప్‌లైన్ నంబరు రాసిపెట్టుకోండి.

అమ్మాయిలూ, మీకు ప్రత్యేకంగా ఒకటి చెప్పాలి. లైబ్రరీ రాత్రి దాకా తెరిచి ఉంటుందని గర్వంగా చెబుతారు. లేడీస్ హాస్టల్ గేటు ఎన్నింటికి మూస్తారో వెంటనే అడగండి. గేటు ఆరున్నరకే మూసేస్తే ఆ లైబ్రరీ మీకు లేనట్టే. ఇది అడగడానికి మొహమాటపడొద్దు.

ఆర్ట్స్, సైన్స్ కాలేజీల్లో పార్ట్ వన్, అంటే భాషా సబ్జెక్టు, కింద తెలుగు తీసుకునే వీలుందేమో కూడా కనుక్కోండి. అన్నిచోట్లా ఉండదు. మెరీనా ఒడ్డున ప్రెసిడెన్సీలో, క్వీన్ మేరీస్‌లో తెలుగు శాఖలున్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఇంగ్లీషుతో పెరిగిన పిల్లలకి మన భాష చదువుకునే చివరి అవకాశం చాలాసార్లు అదే.

ఇంటి నుంచి వెళ్లి వచ్చేవాళ్లు కారులో వెళ్లి చూడకండి. సోమవారం పొద్దున, మీరు రోజూ బయల్దేరాల్సిన వేళకే, రోజూ ఎక్కాల్సిన బస్సో లోకల్ ట్రైనో ఎక్కి వెళ్లండి. సాయంత్రం ల్యాబ్ అయ్యే వేళకి తిరుగు ప్రయాణం చేయండి. ఇంటికి చేరాక పుస్తకం పట్టుకునే ఓపిక ఉందో లేదో మీ ఒళ్లే చెబుతుంది.

అమ్మానాన్నలకి ఈ ఉత్తరం చూపిస్తే చూపించండి, వాళ్లకీ ఒక మాట. చాలాచోట్ల చూశాను. తండ్రి అడుగుతుంటాడు, తల్లి రాసుకుంటుంటుంది, పిల్ల పక్కన నిలబడి ఫోన్ చూసుకుంటుంటుంది. అడగాల్సింది పిల్ల. ఫీజు మాటలు మీరు మాట్లాడండి, మిగతావి పిల్లల్ని మాట్లాడనివ్వండి. ఒక గంట వాళ్లనలా క్యాంటీన్‌లో వదిలేసి మీరు గేటు దగ్గర టీ తాగి రండి. సీనియర్లు పెద్దవాళ్ల ముందు చెప్పని విషయాలు వీళ్లకి చెబుతారు.

ఈ క్వార్టర్లీ సెలవుల్లో ఎవరికైనా తోడు కావాలంటే నాకు ఫోన్ చేయండి. మాంబళం స్టేషన్‌లో లోకల్ ఎక్కుదాం. లొయోలా కాలేజీకి నుంగంబాక్కంలో దిగాలి, గిండీ, తాంబరం కూడా అదే లైను. ప్రశ్నల కాగితం మాత్రం మీరే రాసుకుని రండి. నేను లోపలికి వస్తాను కానీ, ఒక్క ప్రశ్న కూడా అడగను.

ఇట్లు,
మీ అమ్మమ్మ