పొద్దెక్కినా నిద్ర లేవని మాంత్రికుడు

చి|| చిన్నూ, బుజ్జీలకు తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ నేనూ మామ్మా కులాసా. మొన్న వీడియో కాల్‌లో మీరిద్దరూ మెస్సీ గొప్పా, రొనాల్డో గొప్పా అని కొట్టుకుంటుంటే నేను మధ్యలో దూరి మాహికో గొన్సాలెస్ పేరు చెప్పాను. చిన్నూ వెంటనే "ఎన్ని కప్పులు గెలిచాడు తాతయ్యా?" అన్నాడు. యూరప్‌లో చెప్పుకోదగ్గది ఒక్కటీ లేదన్నాను. ఇద్దరూ పడీపడీ నవ్వారు. అంతలో సిగ్నల్ పోయింది కాబట్టి బతికిపోయారు. ఇది ఫోన్లో తేలే సంగతి కాదులే అని ఉత్తరం మొదలుపెట్టాను.

ముందు పేరు సంగతి. ఆయన అసలు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే మీరు జార్జ్ అని చదివేస్తారు. స్పానిష్ వాళ్లు హోర్హే అంటారు. హోర్హే ఆల్బెర్తో గొన్సాలెస్. కుర్రాడిగా ఆడే రోజుల్లోనే సొంత దేశంలో ‘ఎల్ మాగో’ అని, అంటే మాంత్రికుడని పిలిచేవాళ్లు. స్పెయిన్ వెళ్లాక అది మాహికో అయింది. 1958 మార్చి 13న ఎల్ సాల్వడార్ రాజధాని సాన్ సాల్వడార్‌లో పుట్టాడు. అట్లాసు తీసి మెక్సికో కిందికి రండి, గ్వాటెమాలా పక్కన పసిఫిక్ సముద్రాన్ని ఆనుకుని కనిపిస్తుంది. దేశం మొత్తం కలిపితే మన పాత అనంతపురం జిల్లా కన్నా కాస్త పెద్దది, అంతే.

అంత చిన్న దేశం 1982 వరల్డ్ కప్‌కి వెళ్లింది. ఎలాంటి పరిస్థితుల్లో వెళ్లిందో మీకు తెలియాలి. 1980లో అక్కడ అంతర్యుద్ధం మొదలైంది. పన్నెండేళ్లు నడిచింది, 75 వేల మంది దాకా పోయారని అంచనా. ఆ గొడవల మధ్యనే 1981 నవంబర్లో పక్క దేశం హోండురాస్‌లో క్వాలిఫయింగ్ పోటీలు జరిగాయి. అందరూ మెక్సికోనే వెళ్తుందనుకున్నారు. ఎల్ సాల్వడార్ మెక్సికోని 1-0తో ఓడించింది. గోల్ కొట్టింది ఎవెర్ హెర్నాండెస్, దారి వేసింది మన హోర్హే. ఆఖరి రోజున హోండురాస్ మెక్సికోని 0-0తో ఆపడంతో ఎల్ సాల్వడార్‌కి బెర్త్ ఖాయమైంది. తమాషా ఏంటంటే, 1969లో ఈ హోండురాస్‌కీ ఎల్ సాల్వడార్‌కీ నాలుగు రోజులు నిజం యుద్ధమే జరిగింది. ఫుట్‌బాల్ మ్యాచ్‌ల చుట్టూ రేగిన కోపాలు కూడా అందులో కలిశాయి కాబట్టి దానికి ఫుట్‌బాల్ యుద్ధమనే పేరు పడింది. అసలు తగువు భూమి దగ్గర, వలస వెళ్లిన రైతుల దగ్గర ఉంది. అది ఇంకో ఉత్తరం.

స్పెయిన్‌లో మొదటి మ్యాచ్ హంగరీతో. జూన్ 15, ఎల్చే ఊళ్లో. ప్రతి జట్టుకీ 22 మందిని తెచ్చుకునే వీలుంటే వీళ్లు తెచ్చింది 20 మందినే. హాఫ్ టైమ్‌కి 0-3. తర్వాత 0-5. అప్పుడు రమీరెస్ సపాతా ఒక గోల్ కొట్టాడు. వరల్డ్ కప్‌లో ఎల్ సాల్వడార్ కొట్టిన మొదటి గోల్ అదే, ఈ రోజుకీ ఒకే ఒక్క గోల్. అతను పిచ్చెత్తినట్టు పరిగెత్తి సంబరపడుతుంటే, "ఊరుకోవయ్యా, వాళ్లకి కోపం వస్తుంది" అని తోటివాళ్లు ఆపారట. కోపం వచ్చిందో ఏమో గానీ, సబ్‌స్టిట్యూట్‌గా దిగిన హంగరీ ఆటగాడు లాస్లో కిష్ ఏడు నిమిషాల్లో మూడు కొట్టాడు. చివరికి 10-1. ఎల్ సాల్వడార్ పేరెత్తితే జనానికి ఇప్పటికీ గుర్తొచ్చే అంకె అదే. కానీ ఆ జట్టే నాలుగు రోజుల తర్వాత బెల్జియంతో 1-0తో మాత్రమే ఓడింది. మారడోనా ఉన్న అర్జెంటీనాతో 2-0. ఈ రెండు స్కోర్లూ ఎవరికీ గుర్తుండవు.

మూడు ఓటములు. అయినా అక్కడి ఒక క్లబ్బు హోర్హేని వెంటనే ఎత్తుకుపోయింది. ఎందుకో చెప్పాలంటే ఆయన ట్రిక్కు చూపించాలి.

ఎల్ సాల్వడార్‌లో దానికి పెట్టిన పేరు ‘కులెబ్రీతా మాచెతియాదా’. కొడవలి లాంటి పెద్ద కత్తి దెబ్బ తిన్న పాముపిల్ల అని. దెబ్బ తిన్న పాము ఎటు మెలి తిరుగుతుందో చెప్పలేం కదా, అలాగన్నమాట. బంతిని పాదం బయటి అంచుతో ఒక పక్కకి నెడతాడు. ఎదుటివాడు ఒళ్లు బరువంతా అటు వేస్తాడు. బంతి ఇంకా పాదాన్ని వదలకముందే అదే పాదం లోపలి అంచుతో ఇటు లాగేస్తాడు. రెండు తాకిడులూ ఒకటే చప్పుడులా ఉండాలి. మధ్యలో ‘టక్, టక్’ అని రెండు వినిపించాయా, అయిపోయినట్టే. నిన్న సాయంత్రం బుజ్జీ వదిలేసి వెళ్లిన పసుపు బంతితో, చెప్పులు విప్పి, వరండాలో నేనూ చూశాను. బంతి తులసికోట దాకా పోయింది. నేను స్తంభం పట్టుకుని నిలబడ్డాను. మామ్మ ఏమందో రాయను.

ఆ క్లబ్బు పేరు కాదిజ్. స్పెయిన్ దక్షిణపు కొసన, మూడు పక్కలా సముద్రమున్న పాత రేవు పట్టణం. పసుపు జెర్సీలు. అప్పటికి రెండో డివిజన్లో ఉంది. ఆయన చేరిన మొదటి సీజన్లోనే పై డివిజన్‌కి ఎక్కింది, మరుసటి ఏడాదే మళ్లీ కిందికి జారింది. 1984 వేసవిలో, మారడోనా ఆడుతున్న పెద్ద క్లబ్బు బార్సిలోనా ఆయన్ని తమతో అమెరికా టూర్‌కి తీసుకెళ్లింది. మారడోనా, హోర్హే ఒకే జట్టులో! ఆ టూర్లో ఓ రాత్రి హోటల్లో ఫైర్ అలారం మోగిందట. అందరూ కిందికి పరిగెత్తారు, ఈయన మాత్రం గది వదల్లేదట. బార్సిలోనా ఆయన్ని తీసుకోలేదు.

అదీ ఆయన జబ్బు. రాత్రిళ్లు సరదాలు, పొద్దెక్కేదాకా నిద్ర. ట్రైనింగ్‌కి ఆలస్యం, కొన్నిసార్లు అసలు రాకపోవడం. కాదిజ్‌తో గొడవలు ముదిరి 1985లో వయ్యదొలీద్ అనే ఇంకో క్లబ్బుకి వెళ్లాడు. అక్కడ కాపలాలూ కట్టుబాట్లూ ఎక్కువ. చలి కూడా ఎక్కువే. కొద్ది మ్యాచ్‌లు ఆడాడో లేదో, ఊపిరాడనట్టు మళ్లీ కాదిజ్‌కే వచ్చేశాడు. ఈసారి క్లబ్బు తెలివిగా ఆడిన మ్యాచ్‌కే డబ్బులని ఒప్పందం రాయించుకుంది. 1991 దాకా అక్కడే ఉన్నాడు. మొత్తం మీద ఆ క్లబ్బుకి రెండు వందల మ్యాచ్‌ల లోపు, యాభైకి పైన గోల్స్. కోచ్‌గా చేసిన దావిద్ విదాల్ అయితే, టెక్నిక్‌లో మారడోనా కన్నా ఈయనే ఒక మెట్టు పైన అనేవాడు.

ముప్పై రెండేళ్లు పొద్దున ఆరున్నర బస్సు ఒక్కరోజు తప్పకుండా ఎక్కినవాణ్ని నేను. ఇలాంటి మనిషి నాకెందుకు నచ్చాలి? మామ్మ కూడా అదే అడుగుతుంది. ఆయన మంచం దిగని రోజున ఆ పరుగు మిగతా పదిమందీ పెట్టి ఉంటారు. వాళ్లు తిట్టుకుని ఉంటారు, తిట్టుకోవడం న్యాయం కూడా. ఫుట్‌బాల్‌ని ఉద్యోగంలా చూడటం తనకి ఇష్టం లేదని, సరదా కోసమే ఆడతానని ఆయనే చెప్పుకున్నాడు. అది విన్నప్పుడు నాకు కోపమూ వస్తుంది, కొంచెం అసూయా వస్తుంది. రెండూ నిజమే. బుజ్జీ, ఈ పేరా మీ అమ్మకి చూపించకు. సోమవారం నీ స్కూల్ బస్సు ఎన్నిసార్లు తప్పిపోయిందో నాకు తెలుసు, నువ్వింకా మాహికోవి కాలేదు.

తర్వాత సొంత దేశానికి వచ్చి తన పాత క్లబ్బు ఫాస్‌లోనే చేరాడు. సాంతా ఆనా అనే ఊరి క్లబ్బది. స్పెయిన్‌కి వెళ్లకముందు, 1979లో, ఆ జట్టు ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్ క్లబ్బుల చాంపియన్ అయినప్పుడు కూడా అందులో ఆడాడు. చిన్నూ, ఆ ఒక్క కప్పూ నీ లెక్కలో రాసుకో. నలభై దాటాక గానీ ఆట ఆపలేదు. పొద్దున్నే లేవలేని మనిషి, నలభై ఏళ్ల దాకా!

2006లో రాజధానిలోని జాతీయ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. అంతకుముందు దాన్ని ఫ్లోర్ బ్లాంకా అనేవాళ్లు, తెల్ల పువ్వు అని. మనిషి బతికుండగానే స్టేడియం పేరు మార్చారు. అది కూడా 10-1తో ఓడిన జట్టులోని మనిషి పేరుతో.

దసరా సెలవులకి వచ్చేటప్పుడు సైకిల్ పంపు, పిన్నూ మర్చిపోకండి. ఆ పసుపు బంతిలో గాలి తగ్గింది. మళ్లీ ప్రయత్నిద్దాం, ఈసారి పెరట్లో.

మీ
తాతయ్య